చివరి గడిలో టిక్కు

తొమ్మిది రోజుల టపా విప్పకుండా పడి ఉందని ఝాన్సీలక్ష్మికి బుధవారం మధ్యాహ్నం గాని గుర్తుకు రాలేదు. లా స్కూలు ఆఫీసులో ఎవరికీ ఊపిరి సలపని వారం అది. శుక్రవారం తనిఖీ బృందం సముద్రం దాటి మెయిన్‌ల్యాండ్ నుంచి ఈ దీవికి దిగుతుంది. గోడలకు సున్నం, కుర్చీలకు నంబర్లు, కిటికీలకు కొత్త తెరలు. ఝాన్సీ మాత్రం నేలమీద బాసింపట్టు వేసుక్కూచుని పుస్తకాలు యాభయ్యేసి చొప్పున కట్టలు కడుతోంది.

పుస్తకాలంటే లావుపాటి లా పుస్తకాలు కావు. ఇరవై నాలుగు పేజీల పల్చటి రంగుల పుస్తకం. పైన ‘ఒక ఏడాది: మార్పు, సాధన’ అని మూడు భాషల్లో అచ్చేశారు. తెలుగు లైను ఝాన్సీ రాసిచ్చిందే. ఆఫీసులో తెలుగు రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. పన్నెండేళ్ళ నౌకరీలో తన రాత అచ్చులో చూసుకోవడం అదే మొదలు. అందుకే కట్ట కట్టే ముందు పైనున్న పుస్తకం మీద వేలు పెట్టి ఆ లైను ఒకసారి తడిమేది. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేది కూడా.

ఆ లైను కింద బొమ్మ యర్రమ్మది. ప్రోతరాపూర్‌లో ఝాన్సీ ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే ముసలమ్మ. ముక్కుకు రెండువైపులా పుడకలు, నోరంతా తెరిచి నవ్వుతూ ఒక కాగితం మీద బొటనవేలు నొక్కుతోంది. ఆ కాగితం పట్టుకున్న నల్లకోటు పిల్ల జాహ్నవి, నాలుగో సంవత్సరం. లోపల పన్నెండో పేజీలో ‘న్యాయ సహాయ కేంద్రం: వచ్చిన అర్జీలు 61, పరిష్కారమైనవి 61’ అని ఇంతేసి అక్షరాలు, వాటి కింద అరవై ఒక్కమంది పేర్లు.

కట్టలన్నీ అయ్యాక టపా ముందేసుకుని కూచుంది. ఏడో కవరు తహశీల్ ఆఫీసుది. ‘యర్రమ్మ, కేరాఫ్ న్యాయ సహాయ కేంద్రం’ అని ఉంది పైన. అర్జీలు పెట్టిన వాళ్ళందరికీ స్కూలు చిరునామాయే ఇచ్చేవాళ్ళు. ఇళ్ళకు వెళితే చదివిపెట్టే దిక్కు ఉండదని ఆ పద్ధతి పెట్టింది ఝాన్సీయే. కవరు చింపి చదివింది. మళ్ళీ చదివింది.

చనిపోయిన దాలయ్య పేరున ఉన్న ఇంటిస్థలాన్ని తన పేరుకు మార్చమని భార్య యర్రమ్మ పెట్టుకున్న అర్జీకి, దాలయ్య అన్నకొడుకు గణేశ్వరరావు అభ్యంతరం చెప్పాడట. స్థలం ఉమ్మడిదట. శుక్రవారం పదకొండున్నరకు విచారణ. ఇద్దరూ అసలు కాగితాలతో రావాలి. రాకపోతే వచ్చినవాళ్ళ కాగితాలు చూసి నిర్ణయం చేసేస్తారు.

శుక్రవారం పదకొండున్నరకు ఇక్కడ, పిల్లలు వాదనలు సాధన చేసే మూట్ కోర్టు హాల్లో తనిఖీవాళ్ళ ముందు యర్రమ్మకు శాలువా కప్పాలి. సమస్య తీరిన మనిషని.

ఝాన్సీ లేచి బీరువాలోంచి అర్జీల రిజిస్టరు తీసింది. పదిహేడో నంబరు. పేరు, ఊరు, విషయం, డిస్పాచ్ నంబరు. చివరి గడి ‘పరిష్కారం’. అందులో ఆకుపచ్చ సిరాతో టిక్కు. పైనా టిక్కే, కిందా టిక్కే.

ఉత్తరం పంపినట్టు డిస్పాచ్ నంబరు పడగానే చివరి గడిలో టిక్కు పెట్టెయ్యాలని కేంద్రం నడిపే పిల్లలకు నేర్పింది తనే. తనకు నేర్పింది పాత సెక్షన్లో హెడ్ క్లర్కు. కాగితం మన బల్ల దాటితే మన పని అయిపోయినట్టే కదా, ఏ ఆఫీసులోనైనా జరిగేది అదే. ఆ టిక్కులన్నీ ఎవరో లెక్కపెట్టి పుస్తకంలో వేస్తారని ఎప్పుడూ అనుకోలేదు. ఆ లెక్కపెట్టిన మనిషి కూడా వేరే ఎవరో అయితే బాగుండేది. నెల కిందట డైరెక్టరుగారు అడిగితే, గడుల మీద వేలు జరుపుకుంటూ వెళ్ళి అరవై ఒకటని చెప్పింది తనే.

నోటీసు పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

ఉదయ్‌కుమార్‌గారు విశాఖపట్నం నుంచి వచ్చి సరిగ్గా ఏడాది. ఆయన రాకముందు లైబ్రరీకి తాళం, మూట్ కోర్టు హాల్లో సామాను. ఇప్పుడు పిల్లలు సాయంత్రం ఎనిమిదిదాకా చదువుకుంటున్నారు. మెయిన్‌ల్యాండ్ వెళ్ళి వాదనల పోటీలో కప్పు తెచ్చారు. మొదటి బ్యాచిలో పంతొమ్మిది మంది వకీళ్ళయ్యారు. ఇవన్నీ నిజాలు. ఝాన్సీ కళ్ళతో చూసినవి, టైపు కొట్టినవి. అందుకే ఆమెకు ఆయన మీద కోపం తెచ్చుకోవడం చేతకాలేదు.

ఆయన నోటీసు చదివి కళ్ళద్దాలు తీశారు.

“పుస్తకాలు ఎన్ని పంచేశాం?”

“మూడొందలు సార్. ప్రోతరాపూర్‌లో ఇంటింటికీ ఇచ్చాం.”

“వాయిదా అడగండి. పార్టీకి వేరే కార్యక్రమం ఉందని రాయండి. ఎవరైనా ఇస్తారు.”

“మరి సార్, పరిష్కారమైందని అచ్చులో...”

“ఝాన్సీగారూ,” అన్నారాయన, గొంతు పెంచకుండానే. “ఈ అనుమతి రాకపోతే వచ్చే ఏడు ఫస్టియర్ ఉండదు. అరవైమంది పిల్లలు మళ్ళీ మెయిన్‌ల్యాండ్‌కు ఓడెక్కాలి. ఎక్కలేనివాళ్ళు చదువు మానేస్తారు. శుక్రవారం ఒక్కటి దాటనివ్వండి. ఆవిడ సంగతి నేనే దగ్గరుండి చూస్తాను.”

ఆయన చూస్తారు. అన్నమాట తప్పే మనిషి కాదు. ఝాన్సీ తల ఊపి బయటికొచ్చింది. వరండాలో నిలబడి, తల ఎందుకు ఊపానా అని ఆలోచించింది.

గురువారం పొద్దున వాయిదా ఉత్తరం పట్టుకుని తహశీల్ ఆఫీసుకు వెళ్ళింది. కౌంటర్లో గుమస్తా దాన్ని చదివి, ముద్ర వేసి, ఒక ఫైల్లో పెట్టాడు.

“వాయిదా వచ్చినట్టేనా భయ్యా?”

“సాబ్ ముందు పెడతాను. ఇవ్వాలా వద్దా సాబ్ ఇష్టం. అవతలి పార్టీ ఒప్పుకోవాలి.” చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “దీదీ, మనిషిని తీసుకురండి. వాళ్ళు ఇద్దరు సాక్షుల్ని తెస్తున్నారు. ఈమె రాకపోతే ఖతమ్.”

ఆమె ఇచ్చిన ఉత్తరం నకలు మీద కూడా ముద్ర వేసిచ్చాడు. దానికీ ఒక నంబరు పడింది. ఆ నంబరు చూస్తే ఝాన్సీకి ఒళ్ళు మండింది.

స్కూలుకు తిరిగొచ్చేసరికి మూట్ కోర్టు హాల్లో జాహ్నవి రిహార్సల్ చేస్తోంది. నాలుగు నిమిషాల ఇంగ్లీషు ఉపన్యాసం, యర్రమ్మ గురించే. ఝాన్సీ ఆగమని చెయ్యి ఊపి, నోటీసు చేతిలో పెట్టింది. పిల్ల చదివి, బల్ల అంచు పట్టుకుని కూచుండిపోయింది.

“దీదీ, ఇది పదిహేడో నంబరు. నేనే రాశాను. టిక్కు కూడా నేనే పెట్టాను.”

“అవును.”

“మీరే కదా పెట్టమన్నారు?”

“నేనే.”

“నేను అడిగాను దీదీ, యాదుందా? జవాబు రాకుండా ఎలా పెడతామని. మీరేమో హర్ ఆఫీస్ మే ఐసాహీ హోతా హై, అన్ని ఆఫీసుల్లో ఇంతే అన్నారు.”

గుర్తుంది. నవ్వుతూ అంది ఆ మాట. ఝాన్సీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఇప్పుడు నేను స్టేజీ మీద ఏం మాట్లాడాలి?” అంది జాహ్నవి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “ముఝే కుఛ్ సమఝ్ నహీ ఆ రహా దీదీ, ఏమీ అర్థం కావడం లేదు. సార్‌ది కూడా తప్పు కాదు. మీరూ కావాలని చెయ్యలేదు. మరి ఎవరిది?”

“నాకూ తెలీడం లేదమ్మా,” అంది ఝాన్సీ. అది మాత్రం నిజమే.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా యర్రమ్మ ఇంటికి నడిచింది. చెప్పేద్దామనే. దారిపొడవునా మాటలు కూర్చుకుంది. ‘అత్తా, పని ఇంకా అవలేదు’ అని మొదలుపెట్టాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తరువాతి మాట రావడం లేదు.

యర్రమ్మ గడపలోనే ఎదురొచ్చింది. ఇంట్లో ఒక్కతే. కొడుకు ఓడలో పని, మూడు నెలలకోసారి దిగుతాడు.

“ఏటే జాన్సమ్మా, మంచప్పుడొచ్చినావు. కూకో. సీర సూడు.” మంచం మీద నీలంరంగు చీర, కొత్తది, మడత విప్పి పరిచి ఉంది. “రేపు కట్టుకుంతాను. మీ పెద్దసారు సేతుల మీదుగా సాలువా గదా. యీ రంగు బాగుంతాదా, నేపోతే ఆ గుండుమల్లి రంగుదా?”

“ఇదే బాగుంది అత్తా.”

“పక్కింటి సీతాలు గూడా అదే అన్నాది.” గోడకున్న మేకుకు ప్లాస్టిక్ సంచిలో పెట్టి తగిలించిన పుస్తకం కేసి చూపించింది. “ముందర కాగితాల మూట నిత్తెం సంకనేసుకుని తిరిగీదాన్నా? ఇప్పుడా మూట పెట్టి అడుగునెట్టీసినాను. హాయిగా తొంగుంతన్నాను. నీ పున్నెమే జాన్సమ్మా.”

ఝాన్సీ చెప్పలేకపోయింది. టీ తాగి, గుటక గుటకకూ తనను తాను తిట్టుకుని, ఇంటికొచ్చింది. సార్ అన్నట్టు వాయిదా వస్తుందేమో. గుమస్తా అన్నట్టు రాదేమో. ఆలోచించేకొద్దీ రెండూ సమానంగా కనిపించాయి. చెప్పాలా వద్దా అన్నది ఒక్కటే తేల్చుకోవాలని తెలుసు, అదే తేలలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు బస్‌స్టాపులో యర్రమ్మ నీలం చీరలో నిలబడి ఉంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. చేతిలో పుస్తకం. పక్కన నిలబడ్డ వాళ్ళకు అట్ట చూపిస్తోంది. వాళ్ళు బొమ్మను చూసి, మనిషిని చూసి నవ్వుతున్నారు. బస్సు వచ్చి ఆగింది. యర్రమ్మ మెట్టు మీద కాలు పెట్టింది.

“అత్తా, దిగు,” అంది ఝాన్సీ.

అంత గట్టిగా అంటుందని ఆమే అనుకోలేదు. డ్రైవరు కూడా తిరిగి చూశాడు.

“దిగు చెబుతాను. నీ పని అవలేదు. స్థలం నీ పేరున పడలేదు. ఇవాళే విచారణ, పదకొండున్నరకు. గణేశ్వరరావు సాక్షుల్ని తెస్తున్నాడు. నువ్వు వెళ్ళకపోతే పోతుంది.”

యర్రమ్మ కాలు కిందికి దించింది. బస్సు వెళ్ళిపోయింది. పుస్తకం కేసి, ఝాన్సీ కేసి మార్చి మార్చి చూసింది.

“మరయితే ఇందల నా బొమ్మ ఎందుకేసినారు?”

ఝాన్సీ ఏం చెబుతుంది? గడి గురించీ, డిస్పాచ్ నంబరు గురించీ, పాత హెడ్ క్లర్కు గురించీ ఈ మనిషికి చెబితే సాకు లాగే ఉంటుంది.

“తప్పు నాది అత్తా. నేనే అయిపోయిందని రాశాను.”

“నాకు ముందర సెప్పలేదేటి? రేతిరి మా ఇంట్ల టీ తాగినావు గదే!” అరుస్తుందనుకుంది ఝాన్సీ. అరిస్తే బాగుండుననుకుంది. యర్రమ్మ మాత్రం చెంగు నడుముకు దోపి, ఇంటివైపు గిర్రున తిరిగింది. “కాగితాల మూట పెట్టడుగునుంది. నాతో రా. ఆ పెట్టి నానొక్కదాన్నీ ఎత్తలేను.”

పెట్టె మీద బియ్యం డబ్బా, దాని మీద పక్క చుట్టలు. అన్నీ దింపి, మూట లాగి, ఆటో దొరికేసరికి పది దాటింది. ఆటోలోంచి ఝాన్సీ జాహ్నవికి వాయిస్ మెసేజ్ పెట్టింది. “యర్రమ్మత్తను విచారణకు తీసుకెళ్తున్నాను. సార్‌కు చెప్పు. నువ్వు స్టేజీ మీద ఏం చెప్పాలో నేను చెప్పలేనమ్మా.” ఆ తరువాత ఫోను మోగుతూనే ఉంది. డైరెక్టరుగారి పేరు వెలుగుతోంది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు, ఆపెయ్యడానికి మనసొప్పలేదు. సంచిలో పడేసి మోగనిచ్చింది.

తహశీల్దారు గదిలో వాయిదా ఉత్తరం ఫైలు పైనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, యర్రమ్మను చూశాడు.

“వాయిదా అడిగారు, మళ్ళీ వచ్చారు?” అన్నాడు హిందీలో.

“వద్దు సాబ్. ఆమె వచ్చింది,” అంది ఝాన్సీ.

గణేశ్వరరావు షాదీపూర్‌లో సిమెంటు కొట్టు నడిపే మనిషి. ఇస్త్రీ చొక్కా, వెనక ఇద్దరు సాక్షులు. తన కాగితాలు పెట్టాక చివర్న సంచిలోంచి రంగుల పుస్తకం తీసి బల్ల మీద పరిచాడు. పన్నెండో పేజీ.

“ఏ దేఖియే సాబ్. మీరు ఆర్డరు ఇవ్వకముందే స్థలం తనదైపోయిందని మా పిన్ని అచ్చేయించింది. బొమ్మేయించుకుని ఊరంతా పంచింది. ఇలాంటి మనిషి కాగితాలు ఎలా నమ్మడం?”

తహశీల్దారు పుస్తకం తిరగేశాడు. అట్టమీది బొమ్మ చూశాడు. మొహం మారింది. “మా ఆఫీసు ఏ ఆర్డరూ ఇవ్వలేదు. ఇది ఎవరు చెప్పారు నీకు?” అని యర్రమ్మను అడిగాడు.

యర్రమ్మకు హిందీ బాగానే వచ్చు. అయినా ఝాన్సీ కేసి చూసి ఊరుకుంది. చెయ్యెత్తి చూపించలేదు, పేరు చెప్పలేదు. కాగితాల మూటను పొట్టకు ఆనించుకుని అలాగే నిలబడింది.

ఝాన్సీ బల్ల దగ్గరికి జరిగింది. పన్నెండేళ్ళలో ఏ పరాయి ఆఫీసరు గదిలోనూ ఆమె తనంతట తాను మాట్లాడింది లేదు.

“సాబ్, ఈమెకు చదవడం రాదు. పుస్తకం మా స్కూలుది. అందులో ఉన్న లెక్క నేనిచ్చింది. అర్జీ మీకు పంపించిన రోజునే పరిష్కారం గడిలో టిక్కు పెట్టేస్తాం. అలా పెట్టమన్నది నేను. ఈమెకు అయిపోయిందని చెప్పిందీ మేమే.”

గుమస్తా రాయడం ఆపి తలెత్తాడు. గణేశ్వరరావు ఏదో అనబోతే తహశీల్దారు చెయ్యి అడ్డం పెట్టాడు.

“అంటే ఈ అరవై ఒకటీ?”

“పంపించినవి సాబ్.”

“ఎన్ని అయ్యాయి?”

“తెలీదు సాబ్.”

“రాసిస్తావా?”

ఒక్క క్షణం డైరెక్టరుగారి గది, కళ్ళద్దాలు తీసిన ఆయన మొహం, ఫస్టియరు పిల్లలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. వాళ్ళకు ఏమవుతుందో తెలియదు. తన ఉద్యోగానికి ఏమవుతుందో అసలే తెలియదు. గుమస్తా తెల్లకాగితం జరిపాడు. ఝాన్సీ హిందీలో రాసింది. ఎనిమిది లైన్లు. ‘మిగతా అరవై సంగతి మాకు తెలియదు’ అన్న చోట చెయ్యి ఆగింది. రాసి, సంతకం పెట్టింది.

తహశీల్దారు దాన్ని ఫైల్లో పెట్టి, పుస్తకం మూసి గణేశ్వరరావుకు తిరిగిచ్చేశాడు. “ఇప్పుడు కాగితాలు చూద్దాం. అమ్మా, మూట విప్పు.”

యర్రమ్మ కిందే కూచుని ముడి విప్పింది. దాలయ్య పేరున స్థలం ఇచ్చిన కాగితం, నలభై ఏళ్ళ ఇంటిపన్ను రసీదులు, కరెంటు మీటరు పెట్టిన కాగితం. తడికి అంటుకుపోయినవాటిని గోటితో విడదీసి ఒక్కొక్కటే అందించింది. అన్నీ చూసేసరికి ఒంటిగంట. పంతొమ్మిదో తారీకున సర్వేయరు వచ్చి స్థలం కొలుస్తాడు, ఇద్దరూ ఉండాలి, ఆ తరువాత మళ్ళీ విచారణ అన్నాడు తహశీల్దారు.

బయటికొచ్చాక యర్రమ్మ అడిగింది.

“అయితే అయినాదా?”

“అవలేదత్తా.”

“ఎప్పుడవుద్ది?”

“తెలీదు. పంతొమ్మిదిన కొలతకొస్తారు. అంతవరకే తెలుసు.”

యర్రమ్మ మూట ముడి బిగించింది. “పోన్లే. అంతవరకు తెలిసినాది గదా,” అని మూట చంకన పెట్టుకుంది.

స్కూలుకు వెళ్ళేసరికి తనిఖీవాళ్ళు భోజనాలకు వెళ్ళారు. మూట్ కోర్టు హాల్లో శాలువా మడత విప్పకుండా బల్ల మీదే ఉంది. జాహ్నవి పరుగెత్తుకొచ్చింది.

“చెప్పేశాను దీదీ. యర్రమ్మగారు విచారణలో ఉన్నారు, అర్జీ ఇంకా తీరలేదు అని. నాలుగు నిమిషాలది రెండు లైన్లలో అయిపోయింది. వాళ్ళు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఏదో రాసుకున్నారు. మంచిగా రాశారో చెడ్డగా రాశారో పతా నహీ.”

డైరెక్టరుగారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. ఝాన్సీ తిట్లకు సిద్ధపడింది. ఆయన కోపంగానే ఉన్నారు, దవడ బిగుసుకుని ఉంది. అయినా ముందుగా యర్రమ్మ కేసి చూసి నమస్కారం చేశారు. శాలువా తీసి విప్పబోయారు.

“ఇప్పుడొద్దు బాబూ,” అంది యర్రమ్మ. “పనయినాక కప్పండి. దాసుంచండి.”

ఆయన శాలువా మళ్ళీ మడతపెట్టారు.

“నిజంగా ఎన్ని తీరాయి ఝాన్సీగారూ?”

“తెలీదు సార్.”

“నాకూ తెలీదు,” అన్నారు. “నేను అడగనూ లేదు.” ఇంకేదో అనబోయి, తనిఖీవాళ్ళ కారు చప్పుడుకు బయటికి వెళ్ళిపోయారు. ఉద్యోగం ఉన్నట్టో పోయినట్టో ఝాన్సీకి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

సోమవారం బస్సు దిగి స్కూలు మెట్లెక్కుతూనే ఆగిపోయింది. వరండా నిండా జనం. ప్రోతరాపూర్ వాళ్ళే, అందరూ తెలిసిన మొహాలే. పన్నెండో పేజీలో పేర్లున్న వాళ్ళు. కొందరి చేతుల్లో రంగుల పుస్తకాలు, మడతలు పడి, చెమటకు రంగు దిగి. కూతురి కాన్పుకని శుక్రవారం పొద్దున్నే పక్క దీవికెళ్ళిన సీతాలు కూడా కబురు తెలిసి మొదటి ఓడకే వచ్చేసింది.

“నాదేటైనాది?” “మా ఆయన పింఛను గూడా అవలేదా?” “దీదీ, మేరా?” అందరూ ఒకేసారి.

డైరెక్టరుగారి గది తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి ఆయన చూస్తున్నారు. బయటికీ రాలేదు, వద్దనీ అనలేదు. కాసేపటికి జాహ్నవి ఆ గదిలోంచే ఒక బల్ల ఈడ్చుకొచ్చి వరండాలో వేసింది.

ఝాన్సీ బీరువాలోంచి కొత్త రిజిస్టరు తీసింది. స్కేలు పెట్టి గీతలు గీసింది. పేరు, ఊరు, విషయం, డిస్పాచ్ నంబరు, జవాబు వచ్చిన తేదీ. చివరి గడి దగ్గర కాసేపు ఆగి, ఏం పేరు పెట్టాలో తోచక, పాత పేరే రాసింది.

అందరినీ తోసుకుని యర్రమ్మ ముందుకొచ్చింది. చంకలో మూట.

“ముందర నా పేరు రాయి. ఆ కొసాకరి గడి ఉంది సూడు, దాన్నలగే కాళీగా వొగ్గీ.”

ఝాన్సీ రాసింది. యర్రమ్మ బల్ల మీదికి వంగి, అక్షరం రాని కళ్ళతో ఆ వరసంతా వేలితో తడుముకుంటూ చివరిదాకా వెళ్ళింది. ఆ గడిలో ఏమీ లేదని తేల్చుకుంది. అప్పుడు పక్కకు జరిగి వెనక్కి తిరిగింది.

“ఇప్పుడు నువ్వు రావే సీతాలూ,” అంది.